పట్టము వేఱు, పని వేఱు

తెల్లవాఱక మునుపు జగిత్యాల బస్సు ప్రాంగణమున నిలిచి చూచువారికి ఒక దృశ్యము క్రొత్త కాదు. పెట్టెకు త్రాడు బిగించుచున్న తండ్రి, కొంగుతో కన్నులు తుడుచుకొనుచున్న తల్లి, వారి నడుమ శంషాబాదు విమానాశ్రయమునకు పోవలసిన కుమారుడు. నలువది యేండ్లకు పైగా ఈ దృశ్యము మాఱలేదు. మాఱినది పెట్టెలోని సామాను మాత్రమే. నాటివాని పెట్టెలో రెండు జతల బట్టలును, సీసాలో మామిడికాయ తొక్కును ఉండెడివి. నేటివాని పెట్టెలో వానితోపాటు మెఱుగు కాగితములో చుట్టిన విశ్వవిద్యాలయ పట్టము గూడ ఉన్నది.

అయితే ఆ పట్టమునకును, వాడు పోయి చేయబోవు పనికిని సంబంధము లేదు. బి.కాం. చదివినవాడు బరువులు మోయుటకు పోవుచున్నాడు. సివిల్ ఇంజనీరింగు చదివినవాడు అమీర్‌పేటలో ఆఱునెలలు శిక్షణ పొంది కంప్యూటరు ఉద్యోగమున చేరినాడు. బి.ఎస్సీ. చదివినవాడు సిరిసిల్లలో తండ్రి నడిపిన సాంచానే నడుపుచున్నాడు. దేశములో నున్నంతకాలము ఈ వ్యత్యాసమును ఎవ్వరును అడుగరు. కాని నిపుణుడనని చెప్పుకొని పరదేశమున స్థిరపడుటకు దరఖాస్తు పెట్టిననాడు మొట్టమొదట ఎదురగు ప్రశ్న ఇదియే: “నీ వేమి చదివితివి? ఏమి చేయుచున్నావు? ఈ రెంటికిని పొత్తేది?” ఈ ప్రశ్నకు మన యువకులు చెప్పుచున్న సమాధానములును, వారిచేత చెప్పింపబడుచున్న సమాధానములును మాకు మిక్కిలి ఆందోళన కలిగించుచున్నవి.

ఇటీవల కోరుట్ల ప్రాంతపు యువకుడొకడు మా కార్యాలయమునకు వచ్చెను. జగిత్యాలలో బి.కాం. ముగించి, ఇంటి యప్పు తీర్చుటకై గల్ఫునకు పోయి, శుభ్రపఱచు పనివాని వీసామీద ఒక భవన నిర్వహణ సంస్థయందు ఏడేండ్లు పనిచేసెను. మొదటి యేడు చీపురు పట్టెను. అటుపిమ్మట పెద్ద మేస్త్రీవెంట తిరిగి ఏ.సి. యంత్రములు బాగుచేయుట నేర్చి, తక్కిన ఆఱేండ్లును ఆ పనియే చేసెను. అయినను అకామా కార్డుమీద తుదిదాక ఉన్న మాట ‘ఆమిల్’, అనగా కూలి. ఇప్పుడు భార్యాబిడ్డలతో కెనడాకో ఆస్ట్రేలియాకో పోయి స్థిరపడవలెనని వాని కోరిక. సలహా నిచ్చువారియొద్దకు పోగా, “నీది వాణిజ్యశాస్త్ర పట్టము. కావున నీవు అకౌంటెంటుగానే దరఖాస్తు పెట్టవలెను. ఏ.సి. పని సంగతి ఎక్కడను ఎత్తవద్దు. అకౌంటెంటుగా ఆఱేండ్లు పనిచేసినట్లు పత్రము మేమే తెప్పింతుము. లక్షన్నర యగును” అని చెప్పిరట. ఆ యువకుడు మమ్మడిగిన ప్రశ్న నేటికిని మా చెవులలో మ్రోగుచున్నది: “సార్, నేను సదివింది దాసుకోవాల్నా, చేసిన పని దాసుకోవాల్నా?”

రెంటిలో దేనిని దాచుకొన నక్కఱలేదని మేము చెప్పితిమి. అట్లు చెప్పుటకు గల యాధారములను పాఠకుల ముందుంచుట మా విధి యని తలంచుచున్నాము. పట్టమునకును వృత్తికిని పొత్తు లేనివారికి విదేశ ద్వారములన్నియు మూయబడియున్నవనెడి ప్రచారము అసత్యము. ఈ యసత్యమే దొంగపత్రముల వ్యాపారమునకు మూలధనము.

ముందుగా కెనడా సంగతి. అచ్చట 2015లో ప్రారంభమైన ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ పద్ధతిలో చదువునకు ఒక తూకము, వృత్తికి వేఱొక తూకము. మన పట్టము తమదేశపు ఏ స్థాయి చదువుతో సమానమో తెలుపు పత్రమును వారడుగుదురు. ఆ పత్రము స్థాయిని తెలుపునేగాని, ఆ చదువు ఫలానా వృత్తికి తగునా తగదా యని తీర్పు చెప్పదు. వృత్తినైనను ఉద్యోగపు పేరునుబట్టి గాక, చేసిన పనులనుబట్టి నిర్ణయింతురు. వారి జాతీయ వృత్తుల వర్గీకరణమున 2022 నవంబరునుండి 0 మొదలు 5 వఱకు ఆఱు మెట్లు కలవు. ఫెడరల్ నిపుణ శ్రామిక శాఖలో మొదటి నాలుగు మెట్లలోని వృత్తులే లెక్కకు వచ్చును. ఏ.సి. యంత్రములు బాగుచేయు వృత్తి రెండవ అంకెగల మెట్టుమీద నున్నది. కావున ఆ కోరుట్ల యువకుని బి.కాం. చదువునకు దానికి తగిన పాయింట్లును, ఆఱేండ్ల పనికి దానికి తగిన పాయింట్లును వేఱువేఱుగనే లభింపగలవు. 2023నుండి చేతివృత్తులవారిని ప్రత్యేకవర్గముగా నెన్నుకొను పద్ధతియు వచ్చినది. వానియొద్ద దాచిపెట్టుమని చెప్పబడిన పనియే వాని బలము!

ఆస్ట్రేలియాలో వృత్తి వృత్తికి ఒక పరీక్షక సంస్థ కలదు. కంప్యూటరు వృత్తులను పరీక్షించు ఆస్ట్రేలియన్ కంప్యూటర్ సొసైటీ, చదువు వృత్తితో కలసినవానికి కొద్దియేండ్ల యనుభవమును, కలియనివానికి హెచ్చు అనుభవమును విధించును. కంప్యూటరు చదువే లేని పట్టభద్రుడు సైతము తగినంత యనుభవమును చూపి, తాను చేసిన పనులనుగూర్చి రెండు నివేదికలు వ్రాసి యిచ్చి, పూర్వజ్ఞానమునకు గుర్తింపు పొందవచ్చును. ఇంజనీర్లను పరీక్షించు సంస్థ, గుర్తింపు లేని పట్టముగలవారిని తాము స్వయముగా చేసిన మూడు పనుల వృత్తాంతమును వ్రాసి నైపుణ్యమును నిరూపించుకొమ్మనును. చేతివృత్తులకైతే ట్రేడ్స్ రికగ్నిషన్ ఆస్ట్రేలియా యను ప్రభుత్వశాఖ కలదు. అచ్చట పత్రములేగాక, వృత్తినిబట్టి పనిముట్లు చేతికిచ్చి పని చేయించి చూచు పరీక్షయు ఉండును. చేతికి పని వచ్చినవాడు భయపడవలసిన పరీక్ష కాదిది. భయపడవలసినవాడు దొంగపత్రము గలవాడే.

జర్మనీ 2020 మార్చిలో నిపుణుల వలస చట్టమును అమలులోనికి తెచ్చి, 2023 నవంబరులో దానిని మఱింత సడలించెను. గుర్తింపుగల పట్టమున్నవాడు, ప్రత్యేకమైన లైసెన్సు అక్కఱలేని వృత్తులలో, తన చదువుతో సంబంధములేని నిపుణోద్యోగమునందైనను చేరవచ్చునని ఆ సవరణ యొప్పుకొన్నది. బ్రిటనులోని నిపుణ శ్రామిక వీసాకు చూడబడునది ప్రధానముగా ఉద్యోగముయొక్క స్థాయి. 2025 జూలైలో ఆ స్థాయిని పట్టభద్రుల ఉద్యోగములవఱకు పెంచిరి. అమెరికా హెచ్-1బి మాత్రము ఈ విషయమున కఠినము. ఉద్యోగము ప్రత్యేక విద్య నపేక్షించునదై యుండవలెను, ఆ విద్యకును ఉద్యోగమునకును నేరైన సంబంధము కావలెను. అయినను 2025 జనవరిలో అమలునకు వచ్చిన నియమము ఆ సంబంధమును ‘తర్కసహమైన పొత్తు’గా నిర్వచించినది. మూడేండ్ల నిపుణానుభవమును ఒక యేటి విద్యగా లెక్కించు పద్ధతియు పూర్వమునుండి ఉన్నది. సివిల్ చదివి కంప్యూటరు పనిలో చేరిన తెలుగువారెందఱో ఆ మార్గముననే నడచిరి.

ఈ దారులు సుగమములని మేము చెప్పుట లేదు. వయస్సు, భాషాపరీక్ష, పాయింట్లు, సంఖ్యాపరిమితులు అడుగడుగునను అడ్డుపడును. 2025 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు క్రొత్త హెచ్-1బి దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించిన సంగతి పాఠకు లెఱుగుదురు. వైద్యము, నర్సింగు, న్యాయవాదము వంటి వృత్తులలో చదువునకును పనికిని భేదముండుటకే వీలు లేదు, ఉండరాదు గూడ. మేము చెప్పునది ఇంతమాత్రమే: కష్టమైన దారి వేఱు, మూసిన దారి వేఱు. ఈ భేదమును చెప్పువాడు లేకపోవుటచేత మన యువకులు దొడ్డిదారి పట్టుచున్నారు.

దొడ్డిదారికి చెల్లింపవలసిన మూల్యమెంత? కెనడా చట్టము ప్రకారము అసత్యపత్రము పట్టుబడినచో ఐదేండ్లు ఆ దేశమునకు ప్రవేశము నిషిద్ధము. ఆస్ట్రేలియాలో మూడేండ్లు. అమెరికాలో నైతే ఆ మచ్చ జీవితాంతము వెంటాడవచ్చును. లక్షన్నర పుచ్చుకొన్నవాడు బోర్డు తిప్పి వేఱొక వీధిలో దుకాణము తెఱచును. దరఖాస్తుమీద సంతకము చేసినవానికి మాత్రము పేరు మార్చుకొను నవకాశము లేదు. ఒక్కని యసత్యము వానితోనే పోదు. ఆ జిల్లానుండి, ఆ కళాశాలనుండి వచ్చిన ప్రతి నిజమైన పత్రమును అనుమానముతో తిరుగవేసి చూచు పరిస్థితి దానివలన కలుగును. దొంగనాణెము చెలామణియైన సంతలో మంచినాణెమును సైతము రాతిమీద మ్రోగించి చూతురు గదా!

ఇక గల్ఫు దేశముల సంగతి. మన మూడు పట్టణములకు నిత్యమైన సంబంధము ఆ దేశములతోనే. అచ్చట వ్యత్యాసము రెండు విధములు. ఒకటి, చదువు పెద్దదై పని చిన్నదగుట. రెండవది, పని పెద్దదై కాగితముమీది పేరు చిన్నదగుట. ఆజాద్ వీసా యనెడి పేరుతో పోయినవాని వీసామీద ఒక వృత్తి, చేతిలో వేఱొక వృత్తి, జీతమిచ్చువాడు మూడవవాడు. ఖఫీలుయొద్ద పని లేక బయట పని చేసినవాడు చట్టము కంటికి నేరస్థుడు. ‘ఖల్లివెల్లి’ యను మాట మన పల్లెలలో ముసలమ్మలకు సైతము తెలిసిన మాట యైనది. ఇంతటి కష్టముతో సంపాదించిన నైపుణ్యము రేపు వేఱొక దేశమున దరఖాస్తు పెట్టుకొనునపుడు పనికిరాకుండ పోవుటకు కారణము, కార్డుమీది ఆ ఒక్కమాటయే.

పై చదువులు చదివినవారికిని ఈ యాపద తప్పలేదు. 2018లో కువైట్ ప్రభుత్వము, ఇంజనీర్ల పని యనుమతులను పొడిగించుటకు అచ్చటి ఇంజనీర్ల సంఘముయొక్క యామోదము కావలయునని నిర్ణయించెను. ఆ సంఘము మనదేశపు జాతీయ అక్రెడిటేషన్ మండలి గుర్తింపుగల చదువులనే అంగీకరించెను. ఏ.ఐ.సి.టి.ఇ. అనుమతితో నడచిన కళాశాలలలో చదివి, ఏండ్లతరబడి అచ్చట కట్టడములు కట్టినవారు ఒక్క యుత్తరువుతో ఇంజనీర్లు కాకపోయిరి. ఉద్యోగమును నిలుపుకొనుటకు వేఱొక వృత్తినామముక్రిందికి మాఱవలసిన దుఃస్థితి పలువురికి కలిగెను. మన విదేశాంగశాఖ ఆ ప్రభుత్వముతో సంప్రదింపులు జరుపవలసి వచ్చెను. 2014 జూన్‌లో వాషింగ్టన్ ఒడంబడికయందు మనదేశము పూర్ణసభ్యత్వము పొందినపుడు పత్రికలన్నియు సంతోషించినవి. కాని ఆ ఒడంబడిక ఫలము అక్రెడిటేషన్ మండలి గుర్తించిన శాఖలకే గాని, ప్రతి కళాశాలకును కాదనెడి సంగతి సీట్లు నింపుకొను దినములలో ఏ కళాశాల ఏ తండ్రికి చెప్పినది? ఫీజెంత, బస్సు వచ్చునా యని యడుగు తండ్రులు, “ఈ శాఖకు ఆ మండలి గుర్తింపు కలదా?” యని గూడ అడుగుట నేర్చుకొనవలెను.

ఇప్పుడు మన ప్రభుత్వములవారి విధిని ప్రస్తావింపక తప్పదు. పరదేశమునకు పోవు శ్రామికుని రక్షించుటకు 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టము కలదు. దానిప్రకారము పదునెనిమిది దేశములకు పనికై పోవు కొందఱికి ముందుగా ప్రభుత్వపు అనుమతి కావలెను. వారి ఒప్పందపత్రమును పరిశీలింతురు. పది లక్షల రూపాయల ప్రవాసీ భారతీయ బీమా వారికి తప్పనిసరి. ఎవరా కొందఱు? సాధారణముగా పదవ తరగతి ఉత్తీర్ణులు కానివారు. పది చదివినవాని పాస్‌పోర్టుకు ఈ తనిఖీ లేదు. చదివినవాడు తన్ను తాను రక్షించుకొనగలడని చట్టముయొక్క ఊహ.

ఈ యూహ ఏ కాలమునాటిది! పది చదివినవాడు గుమాస్తా, పట్టము పొందినవాడు అధికారి యగుచున్న కాలమున పుట్టిన యూహ ఇది. నేడు జగిత్యాల జిల్లానుండి కూలిపనికి పోవుచున్న యువకులలో పది తప్పినవారెందఱు, పట్టభద్రులెందఱు అని ఏ యూరి చావడివద్ద నిలిచి విచారించినను తెలియును. ఒకే విమానమున, ఒకే కంపెనీకి, ఒకే జీతముమీద, ఒకే పనికి ఇద్దఱు పోవుచున్నారనుకొందము. పది తప్పినవాని ఒప్పందమును ప్రభుత్వము చూచును, బీమా చేయించును. బి.ఏ. చదివినవానిని మాత్రము ‘నీవు విద్యావంతుడవు, పోయిరమ్ము’ అని పంపివేయును. ఎడారిలో ఎండ ఇద్దఱికిని సమానమే. జీతము ఎగవేయువాడును పట్టమును చూచి మొగమాటపడడు. చదువుకొన్నందుకు రక్షణ కోల్పోవుట యేమి న్యాయము? పట్టము వేఱు, పని వేఱు అగుటవలన కలుగు నష్టములలో ఇది యన్నిటికంటె క్రూరమైనది. ఏలయన, ఇది పరాయివారు విధించినది కాదు, మనము విధించుకొన్నది.

చదువునుబట్టి గాక వృత్తినిబట్టి రక్షణ నిచ్చుట అసాధ్యమని ఎవ్వరును అనలేరు. 2015లో నర్సుల విషయమున ప్రభుత్వమువారే ఆ పని చేసిరి. నర్సులందఱును చదువుకొన్నవారే. అయినను వారిని మోసపుచ్చు దళారుల యాగడములు మితిమీరగా, ఆ పదునెనిమిది దేశములకు పోవు నర్సులకు అనుమతి తప్పనిసరి చేసి, వారి నియామకమును ప్రభుత్వ సంస్థల చేతులలో నుంచిరి. నర్సుకు వర్తించిన న్యాయము పట్టభద్రుడైన కూలివానికేల వర్తింపరాదు? పాత చట్టమునకు మాఱుగా 2021లో ఒక ముసాయిదాయు, 2025లో మఱొక ముసాయిదాయు వెలువడినవి. చట్టమేదైనను సరే, రక్షణకు కొలబద్ద వాడు చదివిన చదువు గాక, వాడు చేయబోవు పని కావలెనని మేము గట్టిగా కోరుచున్నాము.

సిరిసిల్ల సంగతి వేఱు. అచ్చట కొఱత పట్టమునకు గాదు, పనికి సాక్ష్యమునకు. అగ్గిపెట్టెలో ఇమిడెడి చీరను నేసిన నల్ల పరంధాములు ఊరది. నేతన్నల యాత్మహత్యలచేత ఒకకాలమున ‘ఉరిసిల్ల’ యని జనులు కన్నీళ్లతో పిలిచిన ఊరును అదియే. 2017నుండి వచ్చిన బతుకమ్మ చీరల పని కొన్నియేండ్లు ఊఱట నిచ్చినను, సాంచాల చప్పుడు ఎన్నాళ్లు వినబడునో, ఎన్నడాగునో చెప్పలేని బ్రదుకు వారిది. భీవండికి, సూరతుకు, షోలాపురమునకు పోయిరి, గల్ఫునకును పోయిరి. ఇరువదియేండ్లు సాంచామీద నిలిచినవానికి నియామకపత్రము లేదు, జీతపు చీటీ లేదు. మీటరు లెక్కన కూలి, ఆసామి పుస్తకములో పెన్సిలు గీత, అంతే సాక్ష్యము.

కెనడావారి వర్గీకరణమున మగ్గము నడుపువాడు నాలుగవ అంకెగల మెట్టుమీద, అనగా నిపుణుల లెక్కకు వెలుపల నున్నాడు. తరతరముల విద్యను వారట్లు కొలిచిరని మనము నొచ్చుకొనవచ్చును. కాని అదే కర్మాగారమున సాంచాలు విప్పి, అరిగిన భాగము మార్చి, తిరుగ బిగించి నడపించువాడు యంత్రములు బాగుచేయు నిపుణుడు. అట్టివాని వృత్తి వారి లెక్కలో రెండవ అంకెగల మెట్టుమీద నున్నది. తమలో ఎవరు ఏ మెట్టుమీద నున్నారో సిరిసిల్ల కార్మికులకు చెప్పినవారు ఎవరు? దానిని వ్రాసి యిచ్చిన యజమాని యెవరు? కోరుట్ల, మెట్‌పల్లి ప్రాంతములలో బీడీలు చుట్టి కుమారుని చదివించిన తల్లికి పి.ఎఫ్. ఖాతా యున్నది, ఆమె పనికి ప్రభుత్వము దగ్గఱ లెక్క యున్నది. ఆమె చదివించిన కుమారుడు పదియేండ్లు చేసిన పనికి మాత్రము ఎక్కడను లెక్క లేదు. ఇంతకంటె విపరీతమేమున్నది?

కావున మేము కోరునవి ఇవి. మొదటిది, పైన చెప్పినట్లు రక్షణచట్టమునకు వృత్తి కొలబద్ద కావలెను. రెండవది, జగిత్యాలలోను సిరిసిల్లలోను నైపుణ్యమును పరీక్షించి పత్రమిచ్చు కేంద్రములు స్థాపింపవలెను. పూర్వము నేర్చిన పనికి పరీక్షపెట్టి గుర్తింపునిచ్చు పద్ధతి కేంద్ర కౌశల్ వికాస్ యోజనలో ఉండనే ఉన్నది. ప్లంబరు, ఎలక్ట్రీషియను, వెల్డరు, ఏ.సి. మెకానిక్కు మొదలగు వృత్తులకు సౌదీవారు మనదేశముననే పరీక్షపెట్టు పద్ధతియు వచ్చినది. నాచుపల్లిలో 2007లో వెలసిన విశ్వవిద్యాలయ ఇంజనీరింగు కళాశాలయు, ఐ.టి.ఐ.లును ఉండగా, పరీక్షకై మనవాడు హైదరాబాదువఱకు పోయి లాడ్జీలో పండుకొనవలసిన యక్కఱ యేమి? మూడవది, రాష్ట్ర ప్రభుత్వపు విదేశోద్యోగ సంస్థయైన టాంకాం, ఏ దేశము ఏ పనిని ఎట్లు కొలుచునో తెలుగులో అచ్చొత్తించి ప్రతి పంచాయతి కార్యాలయమున నుంచవలెను. రిజిస్టరైన ఏజెంటు పుచ్చుకొనదగిన రుసుము ముప్పదివేల రూపాయలును, దానిమీది పన్నును మాత్రమే యని గోడమీద వ్రాయించినను ఎన్నో పొలములు తాకట్టునుండి తప్పును. నాలుగవది, మన రాయబార కార్యాలయములవారు, కార్మికుడు వాస్తవముగా చేసిన పనిని యజమానిచేత వ్రాయించి ధ్రువపఱచు సహాయము చేయవలెను.

యువకులకును ఒకమాట. ప్రభుత్వము కదలువఱకు చేతులు ముడుచుకొని కూర్చుండుట తగదు. జీతము చేతికి కాక బ్యాంకులో వేయుమని యడుగుడు. జీతపు చీటీలు, ఒప్పందము, అకామా నకళ్లు ఏటికేడు దాచుడు. పని మాఱినపుడు కార్డుమీది వృత్తినామమును మార్పించుకొను అవకాశము సౌదీ మొదలగు చోట్ల చట్టముననే కలదు, దానిని విడువకుడు. కంపెనీని వీడునపుడు మీరు చేసిన పనులను, దినమునకు గంటలను, జీతమును, తేదీలను వివరించు పత్రమును పుచ్చుకొనక కదలకుడు. వీడ్కోలు నాడు స్నేహితులతో తీసికొను ఫోటోకంటె ఆ కాగితము మీ బిడ్డలకు హెచ్చు పనికివచ్చును.

“ఇట్లు దారులు చూపి దేశమును ఖాళీ చేయింతురా?” యని కొందఱు మమ్మడుగవచ్చును. ఆ ప్రశ్నలోని బాధను మేమెఱుగుదుము. శ్రీరాంసాగరు నీరు పాఱు నేల, పసుపును మామిడియు పండు నేల తన బిడ్డలను పోషింపలేకపోవుట మనకు గౌరవము గాదు. స్వస్థలముననే పని కల్పింపుడని మేము అడుగుచునే యున్నాము, అడుగుచునే యుందుము. కాని పోవువాడు మన వాదముకొఱకు ఆగడు. రేపటి బస్సుకు వాని పెట్టె సిద్ధముగా నున్నది. వాడు కూలియై, పేరులేనివాడై పోవుటా? నిపుణుడై, పేరుగలవాడై పోవుటా? మన ముందున్న ప్రశ్న అదియే. అంతేకాదు, నైపుణ్యమునకు పత్రమిచ్చి గౌరవించు ఏర్పాటు పోవువానికెంత యుపయోగమో ఇచ్చట నిలుచువానికిని, తిరిగివచ్చువానికిని అంతే యుపయోగము. గల్ఫునుండి వచ్చిన ఏ.సి. మెకానిక్కును కూలిగా నమోదుచేసుకొను దేశము తన సంపదను తానే తక్కువకు లెక్కించుకొనుచున్నది.

పట్టమునకును పనికిని భేదముండుట నేరము గాదు. అది ఇరువది యేండ్ల వయస్సున ఎన్నుకొన్న చదువునకును, ఇల్లు గడుపుటకై పట్టుకొన్న బ్రతుకు తెరువునకును నడుమనున్న దూరము. ఆ దూరమును నడచివచ్చినవాడు సిగ్గుపడవలసిన పని లేదు. కోరుట్ల యువకుడు మాయొద్ద సెలవు పుచ్చుకొని పోవునపుడు తన సంచిలోని రెండు కాగితములను బల్లమీద ప్రక్కప్రక్కన పెట్టి చూచుకొనెను. ఒకటి బి.కాం. పట్టము, రెండవది ఏ.సి.లు బాగుచేసిన భవనముల పేర్లు తాను వ్రాసి పెట్టుకొన్న నోటు పుస్తకపు పుట. మొదటిదానిమీద ముద్ర యున్నది, రెండవదానిమీద లేదు. ఆ రెండవ కాగితమునకు న్యాయమైన ముద్ర వేయించుట మన ప్రభుత్వముల బాధ్యత. వేయించువఱకు అడుగుట మనయందఱి బాధ్యత.